కాగితం మీద బాగైన గుండె

తొమ్మిదో భాగం

రమాదేవిని పోయిన వారం అకౌంట్స్ సెక్షన్ మెట్ల మలుపులో, రెయిలింగ్ పట్టుకుని ఆయాసపడుతుండగా వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. మనకు ఇంట్లో పనులుంటాయి, మరిచిపోతాం. ఆమెకు ఆ వీలు లేదు. గుండెలో ఒక కవాటం బాగా సన్నబడిపోయిందని, నెల రోజుల్లో మార్చకపోతే తనది పూచీ కాదని డాక్టరు చెప్పి పదకొండు రోజులైంది. ఆపరేషన్‌కు రెండున్నర లక్షలవుతుంది. భర్త శేషాద్రి ఈ యూనివర్సిటీలోనే పరీక్షల విభాగంలో సీనియర్ అసిస్టెంటు. యూనివర్సిటీ ఒక హామీ కాగితం రాసిస్తే ఆస్పత్రివాళ్ళు పైసా అడగకుండా ఆపరేషన్ చేస్తారు. దాన్ని అందరూ క్రెడిట్ లెటర్ అంటారు. శేషాద్రి మాత్రం దానికి అర్జీ పెట్టనంటే పెట్టనని కూర్చున్నాడు. అప్పు తెస్తాను, ఇంకేదో చేస్తాను, ఆ కాగితాల జోలికి మాత్రం పోవద్దన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన ఎందుకో చెప్పని సంగతులు చాలానే ఉన్నాయి. ఆమె అడగడం మానేసి కూడా చాలా కాలమైంది.

ఈసారి అడగలేదు, చెప్పనూ లేదు. రిపోర్టులన్నీ గుడ్డసంచిలో పెట్టుకుని తార్నాకలో ఆటో ఎక్కి తనే వచ్చేసింది. రేపటి నుంచి సమ్మె. తెలంగాణ ఇచ్చేదాకా సెక్షన్ల తాళాలు తీసేది లేదని ఉద్యోగులు ప్రకటించారు. ఈ సాయంత్రం అయిదు గంటల్లోపు లెటర్ చేతికి రాకపోతే, మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పగలిగిన మనిషి ఈ ఊళ్ళో లేడు.

ఇంకా పదహారు మెట్లున్నాయి. నాలుగు చోట్ల ఆగి ఎక్కింది.

సెక్షన్‌లో సగం కుర్చీలు ఖాళీ. ఉన్నవాళ్ళు బీరువాలకు తాళాలు వేస్తున్నారు, సొరుగుల్లోంచి టిఫిన్ డబ్బాలు, చెప్పుల జతలు, దేవుడి పటాలు తీసి సంచుల్లో వేసుకుంటున్నారు. మెడికల్ బిల్లుల టేబుల్ దగ్గర వెంకటేశం ఒక్కడే ఇంకా పని చేస్తున్నాడు. యాభై దాటిన మనిషి. చొక్కాకు జై తెలంగాణ బ్యాడ్జి. ఈ సెక్షన్‌కు మారి నాలుగు నెలలే అయింది. రమాదేవి భర్త పేరు, వచ్చిన పని చెప్పింది.

"శేషాద్రి సార్ ఇంట్లోళ్ళా? కూసోన్రి మేడమ్, కూసోన్రి. గిన్ని మెట్లు మీరెందుకు ఎక్కిన్రు? సార్‌ను పంపకపోయిన్రా?"

"ఆయనకు ఏదో పనుండాదంట."

అబద్ధం సులువుగానే వచ్చింది. వెంకటేశం ఫ్యాన్ ఆమె వైపు తిప్పాడు, నీళ్ళు తెప్పించాడు. పదకొండు రోజుల్లో ఆమెను ఎవరైనా కూర్చోమని అనడం ఇదే మొదటిసారి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తల వంచుకుని సంచిలోంచి రిపోర్టులు తీసింది. అతను గబగబా నోట్ రాయడం మొదలుపెట్టాడు.

"అయిపోతది మేడమ్. సూపరింటెండెంట్ సార్ సంతకం ఒక్కటే గదా. మూడు గంటల వరకు మీ చేతుల పెడ్త."

రాస్తూనే పక్కనున్న పాత రిజిస్టర్ తెరిచాడు. ఉద్యోగికొక పేజీ. శేషాద్రి పేజీ దొరికింది. అతని వేలు పేజీ మధ్యలో ఆగింది.

"మేడమ్, మీకు ఇంతకుముందే ఒకసారి అయ్యింది గదా?"

"ఏమి అయింది?"

"గిదే ఆపరేషన్."

"నాకా? నాకు ఒక పురుడు తప్ప ఏ ఆపరేషనూ కాలేదు నాయనా."

వెంకటేశం రిజిస్టర్‌ను ఆమె వైపు తిప్పాడు. రెండువేల మూడు, జూన్. ఉద్యోగి పేరు శేషాద్రి. రోగి పేరు రమాదేవి, భార్య. మైట్రల్ కవాటం మార్పిడి. కింద భర్త సంతకం. చివరి అక్షరం కింద తోకలా ఒక గీత లాగుతాడు ఆయన. పెళ్ళయిన కొత్తలో ఉత్తరాల చివర ఆ గీతను వేలితో తడిమి చూసుకునేది ఆమె.

చెయ్యి తనంతట తానే గుండె మీదికి వెళ్ళింది. చీర కింద, తాళిబొట్టు కింద కోత లేదు, కుట్టు లేదు. ఆ ఎండాకాలం తనెక్కడుంది? కొడుకు నవీన్‌ను తీసుకుని చెల్లెలి పురిటికని ప్రొద్దుటూరు పోయింది. రెండు నెలలుంది. తిరిగొచ్చేసరికి శేషాద్రి చిక్కిపోయి ఉన్నాడు. వంట చేసుకోలేక అలా అయ్యాడనుకుని వారం రోజులు దగ్గర కూర్చుని తినిపించింది.

వెంకటేశం ఇంకా రిపోర్టు వైపు, రిజిస్టర్ వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

"గీ రిపోర్టులనేమో పుట్టినప్పటి కవాటమే సన్నబడ్డదని రాసిన్రు. గీ రిజిస్టర్లనేమో తీసేసి ఎనిమిదేండ్లయ్యింది. తీసేసింది మళ్ళ మొలుస్తదా మేడమ్?"

నవ్వుతూ అన్నాడు. ఆమె ముఖం చూసి నవ్వు ఆపేశాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"నేను అడుగుతలేను, మీరు చెప్తలేరు. సరేనా? గని ఫైలు అడుగుతది. నేను ఒక్కటే చెయ్యగల్గుత." ఒక తెల్లకాగితం ఆమె ముందు పెట్టాడు. "గా ఆపరేషన్ మీదేనని రాస్తె ఆస్పత్రోళ్ళు నమ్మరు, వాపస్ పంపుతరు. మీది కాదని రాస్తె మీ లెటర్ ఇయ్యాల సాయంత్రానికే అయితది. అయితే సార్ మీద ఎంక్వైరీ పడ్తది. నౌకరి పోతది, పింఛన్ పోతది. గీ గడబిడల రాయలసీమ సార్ ఒకాయన గిట్ల చేసిండని బయట పడ్డదనుకో, ఎవలు ఏమంటరో మీకు ఎరుకనే. రేపు నేను గూడ గా సమ్మె టెంట్లనే కూసుంట మేడమ్. నా నోరు నేను మూసుకుంట గని అందరి నోర్లు మూయలేను గద."

రమాదేవి కాగితం తీసుకుంది.

"హెల్త్ సెంటర్ల మీ పేరు మీద మందుల బుక్కు ఉంటది. అది గూడ పట్కరాన్రి, ఫైల్ల పెట్టాలె. అయిదు గంటల దాక గీ కుర్చీలనే ఉంట. తర్వాత నాతోని కాదు."

మెట్లు దిగడం సులువే. దిగాక ఎక్కడికి పోవాలో తెలియడమే కష్టం. రోడ్డంతా ఊరేగింపు. డప్పులు కొడుతున్నారు, హాస్టళ్ళ నుంచి పిల్లలు గుంపులు గుంపులుగా వచ్చి కలుస్తున్నారు. ఒకమ్మాయి ఎవరి భుజాల మీదో ఎక్కి నినాదం ఇస్తుంటే వెయ్యి గొంతులు తిరిగి పలుకుతున్నాయి. రమాదేవి గుల్‌మొహర్ చెట్టు నీడకు తప్పుకుని నిలబడింది. అంతమంది ఒకే మాట అరుస్తున్నచోట ఆమెకు ఒక్క మాట చెప్పుకోవడానికి మనిషి లేదు. నవీన్‌కు ఫోన్ చేద్దామా అనుకుంది. బంద్‌లతో క్లాసులు సాగడం లేదని వాణ్ణి విజయవాడ కాలేజీ హాస్టల్లో వేశారు. ఆదివారం తప్ప ఫోన్ ఇవ్వరు. ఇచ్చినా, పదహారేళ్ళ పిల్లాడికి ఏమని చెప్తుంది? మీ నాన్న నా గుండెను ఇంకొకరికి వాడేసినాడురా అనా?

హెల్త్ సెంటర్ అనగానే ఇంకొకటి గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ళుగా ఆయన ఆమెను ఆ గడప తొక్కనివ్వలేదు. అక్కడి బిళ్ళలు మంచివి కావనేవాడు, ఆ క్యూలో నువ్వు నిలబడలేవనేవాడు. జలుబు చేసినా తార్నాకలో ప్రైవేటు డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళి ఫీజు కట్టేవాడు. పక్క పోర్షన్ వెంకటరమణమ్మతో ఎన్నిసార్లు గొప్పగా చెప్పుకుందో, మా ఆయనకు నేనంటే అంత ఇది అని. ఇప్పుడు ఆ గొప్ప తలుచుకుంటే సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

పరీక్షల విభాగం ముందు శేషాద్రి తాళంచెవుల గుత్తి అప్పగించి సంతకం చేస్తున్నాడు. సమ్మెలో చేరలేడు, చేరకుండా పనీ చెయ్యలేడు. రేపటి నుంచి ఇంట్లో కూర్చుంటాడు. భార్యను చూడగానే ముఖంలో రంగు మారింది. ఆమె ఏమీ అనకుండా వెనకవైపు సైకిల్ స్టాండ్ దగ్గరికి నడిచింది. ఆయన వెనకాలే వచ్చాడు.

"సెక్షన్‌కు పోయినావా?"

"పోయినా. ఎవరండీ ఆ రమాదేవి?"

శేషాద్రి సిమెంటు గట్టు మీద కూలబడ్డాడు. తర్వాత చెప్పాడు. దాచిందంతా ఇన్నేళ్ళకు పది మాటల్లో అయిపోయింది. పేరు అండాలు. జవాబు పత్రాల కట్టలు కుట్టడానికి వచ్చే రోజుకూలీ. లాలాపేటలో ఉండేది. ముప్ఫై ఏడేళ్ళు. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. కట్ట కుడుతూ కుడుతూ దాని మీదే పడిపోయేది. పెదాలు నీలంగా మారేవి. రోజుకూలీలకు యూనివర్సిటీ వైద్యం లేదు. తెల్లకార్డు చూపిస్తే ఆపరేషన్ చేసే పథకం అప్పటికింకా రాలేదు. పెద్దాస్పత్రిలో తేదీ ఇచ్చారు, పద్నాలుగు నెలల తర్వాతకి.

"పద్నాలుగు నెలలు బతకదని అందరికీ తెలుసు రమా. సెక్షన్‌లో అందరం చందాలేసినాం. ఎంత? పదకొండు వేలు. నీ పేరు రాసినా. పేరే కదా అనుకున్నా."

"పేరే కదా!"

"నీకు అవసరం పడుతుందని అనుకోలే. నీది గట్టి గుండె అనుకున్నా."

రమాదేవి నవ్వబోయింది. ఆయాసం అడ్డొచ్చింది.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదండీ."

"చెప్తే వద్దనేదానివి."

"అనేదాన్నో లేదో అడిగి చూసుండాల్సింది. నన్ను అడక్కుండానే నా జవాబు మీరే రాసేసినారే!"

ఆయన మెల్లగా అన్నాడు, "ఆమెకు మాత్రం నువ్వే ఇమ్మన్నావని చెప్పినా. లేకపోతే ఆపరేషన్‌కు ఒప్పుకునేది కాదు. బతుకమ్మ పండక్కి ప్రతి ఏడూ స్టీలు డబ్బాలో రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు తెస్తా కదా, ఆఫీసులో ఎవరో ఇచ్చినారని? ఆమె నీకే పంపుతుంది."

ఎనిమిది బతుకమ్మలు. ఎనిమిదిసార్లు ఆ ముద్దలు తిన్నది. డబ్బా ఖాళీగా పంపకూడదని ఒకసారి చెక్కలు, ఒకసారి అరిసెలు పెట్టి పంపింది. ఎవరు చేశారో చెయ్యి భలే మంచిదని మెచ్చుకుంది కూడా. ఆ మెచ్చుకోలు కూడా ఈయన తీసుకెళ్ళి అక్కడ చెప్పే ఉంటాడు.

"ఆమె మీద మీకు..." అంటూ ఆగింది.

"ఛీ, ఏం మాటలవి?" నిజంగానే నొచ్చుకున్నాడు.

అదే ఆమెను ఎక్కువ కష్టపెట్టింది. ఆ మనిషి మీద మనసుపడి చేసి ఉంటే తిట్టడానికి ఒక దారి ఉండేది. నలుగుర్లో ఏడిస్తే నలుగురూ ఆమె పక్కనే నిలబడేవాళ్ళు. ఈయన మంచితనంతో చేశాడు. మంచితనం వల్ల ఇంత అన్యాయం జరిగిందని ఎవరికి చెప్పుకుంటే వింటారు? అండాలు బతికింది కదమ్మా అంటారు. అవును, బతికింది. బతకాలి కూడా. మరి తను?

సంచిలోంచి తెల్లకాగితం తీసి చూపించింది. వెంకటేశం చెప్పిందంతా చెప్పింది.

"నిజమే రాసెయ్యి. ఉద్యోగం పోతే పోనీ." శేషాద్రి కాగితాన్ని ఆమె వైపే జరిపి గట్టిగానే అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఆమె ఆ చేతులు పట్టుకునేదేమో. ఆగలేదు. "కాకపోతే ఆ బుక్కు రద్దు చేస్తారు. కవాటం మార్పించుకున్నవాళ్ళు బతికినన్నాళ్ళూ రక్తం పలచబడే బిళ్ళలు వేసుకోవల్ల. ఆపేస్తే కవాటం దగ్గర గడ్డ కడుతుంది. ఆ బిళ్ళలు ఆమెకు హెల్త్ సెంటర్‌లో నీ బుక్కు మీదే..."

"నా గుండె సంగతి మాట్లాడేటప్పుడు కూడా ఆమె బిళ్ళలేనా మీకు?"

రమాదేవి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. తోడు వస్తానని ఆయన లేచాడు. వద్దంది. ఇన్నేళ్ళలో ఆమె ఆయనను వద్దన్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

హెల్త్ సెంటర్ దాకా నడిచేసరికి నాలుగు దాటింది. రేపటి నుంచి మందుల కౌంటర్ మూసేస్తారని తెలిసి జనం విరగబడి ఉన్నారు. కౌంటర్‌లోని మనిషికి పేరు, భర్త పేరు చెప్పి, బుక్కు కావాలంది. "కూసోన్రి, పిలుస్త" అన్నాడు తలెత్తకుండానే. గోడవారగా ఉన్న బెంచీ చివర ఇంత చోటు చూసుకుని కూర్చుంది. కళ్ళు మూసుకుని ఊపిరి కూడదీసుకుంది.

దారి పొడుగునా మాటలు సిద్ధం చేసుకుంటూ వచ్చింది. ఆ అండాలు ఎప్పుడైనా ఎదురుపడితే అనవలసిన మాటలు. నా పేరు నీకెట్లా చెల్లింది? అని మొదలుపెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంది. కసిగా ఉన్నాయి, బాగున్నాయి.

పక్కనుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వినిపిస్తోంది. ఎవరిదో చేతిగడియారం అనుకుంది.

"ఆయాసమా అక్కా?"

కళ్ళు తెరిచింది. పక్కన కూర్చున్న ఆమె నీళ్ళసీసా మూత తీసి అందిస్తోంది. సన్నగా, నల్లగా ఉంది. చేతులకు రెండేసి గాజులే ఉన్నాయి, గడియారం లేదు.

"తాగు. గుండెదేనా? నాకు గూడ గిట్లనే ఉండె. అయిదు మెట్లెక్కితె కండ్లు తిరుగుతుండె. బుగులు పడకు అక్కా. కోసేటప్పుడు ఏం తెల్వది. తెలివొచ్చినంకనే జర నొస్తది. నన్ను జూడు, లాలాపేట నుంచి గీడిదాక నడ్సుకుంటనే వస్త."

రమాదేవి సీసా పట్టుకుంది. తాగలేదు. ఆమె రవికె మెడ దగ్గర, ఎముకల మధ్య, ఒక తెల్లటి గీత మొదలై లోపలికి దిగిపోతోంది.

"టిక్కు టిక్కుమంటది, ఇనబడ్తుందా?" ఆమె నవ్వింది. "లోపట పెట్టింది ఇనుప కవాటం గద. మా మన్మరాలు చెవి ఆనిచ్చి ఇంటది. గడియారం మింగినవా అవ్వా అంటది."

"నీ పేరేమి?" రమాదేవి అడిగింది.

మామూలు ప్రశ్నే. ఎవరినడిగినా టక్కున చెప్తారు. ఆమె చెప్పలేదు. కౌంటర్ వైపు ఒకసారి చూసింది, చీరకొంగు సర్దుకుంది, గొంతు బాగా తగ్గించింది.

"ఇంటికాడ అండాలు అంటరు."

పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఇన్ని బస్తీల ఊళ్ళో, ఇంత పెద్ద క్యాంపస్‌లో, తనను ధైర్యంగా ఉండమని చెప్పిన ఒకే ఒక్క మనిషి ఈమె. ఎనిమిదేళ్ళుగా ఈమె చేతి ముద్దలు తిన్నది. ఇప్పుడు ఈమె నీళ్ళు చేతిలో ఉన్నాయి. రమాదేవికి గట్టిగా ఏడవాలనిపించింది.

"రమాదేవి! వైఫాఫ్ శేషాద్రి, ఎగ్జామినేషన్ బ్రాంచ్!"

బెంచీ మీంచి ఇద్దరూ లేచారు.

కౌంటర్‌లోని మనిషి కళ్ళద్దాల మీంచి చూశాడు. "ఇద్దరు లేస్తరేంది? ఒక్కరు రాన్రి. రమాదేవి ఎవరు?"

అండాలు పక్కకు తిరిగింది. రమాదేవి ముఖం చూసింది, ఆమె సంచిలోంచి బయటికి కనిపిస్తున్న రిపోర్టు చూసింది, గుండె మీదున్న ఆమె చెయ్యి చూసింది. ఒక్క క్షణం. తర్వాత ఆ నల్లటి ముఖం పాలిపోయింది. టిక్కు టిక్కు చప్పుడు ఇందాకటి కంటే జోరందుకుంది.

"అమ్మా... నువ్వా?" పెదాలే కదిలాయి. "నీకు గూడ గిదేనా అమ్మా?"

రమాదేవి తల ఊపింది.

అండాలు చేతులు జోడించబోయింది, మధ్యలో ఆగిపోయింది. పక్కకు జరిగి దారి ఇచ్చింది. "నువ్వే పో అమ్మా. పేరు నీది."

"జల్ది చెప్పున్రి!" కౌంటర్‌లోంచి అరుపు. "బుక్కు ఒక్కటే ఉన్నది, నెల బిళ్ళలు ఒక్కరికే ఉన్నయి. రేపట్నుంచి బంద్. ఎవరికియ్యాలె?"

గోడ మీద గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. ఇరవై నిమిషాల్లో వెంకటేశం కుర్చీలోంచి లేస్తాడు. తెల్లకాగితం ఇంకా తెల్లగానే ఉంది. దాని మీద నిజం రాసి, ఆ బుక్కుతో పాటు ఫైల్లో పెడితే లెటర్ వస్తుంది. ఇప్పుడు ఆమె చెయ్యాల్సిందల్లా నేనే అని ఒక్క మాట అనడం. అది అబద్ధం కూడా కాదు.

"ఆమే," అంది రమాదేవి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆమే రమాదేవి."

అతను ముద్ర కొట్టి, బిళ్ళల పొట్లం బుక్కులో పెట్టి కిటికీలోంచి అవతలికి తోశాడు. అండాలు చేతులు చాచలేదు. అతను ఇంకొక కొత్త చీటీ ముందుకు లాక్కుని, పెన్ను విదిలించి, తలెత్తి రమాదేవి వైపు చూశాడు.

"మరి మీరెవరమ్మా? ఏం పేరు రాయాలె?"